ఒక్క మేకు లేని పడవ

రుక్కమ్మ సాగనంపడమంటే మామూలు సాగనంపడం కాదు. గ్యాస్ బండ దించిపోయే మనిషి వెనకాల కూడా గేటు దాకా వచ్చేది. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసేది. తిరిగాక తాను కూడా ఆ మలుపు దాకా నడిచివెళ్ళి మళ్ళీ చూసేది. పాలు పోసే వీరస్వామి రోజూ ఇల్లు చేరగానే ఆమెకు ఫోన్ చేయాలి. చేయకపోతే ఆమే చేసేది.

"చేరినవా?"

"చేరిన పెద్దమ్మా."

"బండికి స్టాండ్ వేసినవా?"

"వేసిన."

"సరే, పెట్టెయ్."

ఇబ్రహీంపట్నంలో వాళ్ళ గల్లీ అంతా ఈ సంగతికి నవ్వుకునేది. నవ్వితే నవ్వారు. పన్నెండేళ్ళ కిందట ఆమె భర్త కృష్ణయ్య, ఫోన్‌కు రీచార్జి చేయించుకొస్తానని బస్టాండు దిక్కు బయలుదేరాడు. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే "ఊఁ" అంది. ఆయన షాపు మెట్టు మీద గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. రీచార్జి మాత్రం పడింది. ఇంటి నిండా జనం ఉన్నప్పుడు ఆయన జేబులో ఫోన్ టింగుమని మోగి ఆ సంగతి చెప్పింది. అప్పటి నుంచి ఆమె ఎవరినీ తల వంచుకుని పోనివ్వలేదు.

అలాంటి రుక్కమ్మ వాకిట్లో ఆడబిడ్డ మాణిక్యమ్మ ఎనిమిది నెలలుగా ఒక పడవ చేస్తోంది.

మాణిక్యమ్మ కృష్ణయ్యకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చి, కుట్టుమిషన్ పెట్టుకుని, ఊళ్ళో ముప్పైయేళ్ళ పాటు రవికలు కుట్టింది. వదినామరదళ్ళవి ఎదురెదురు గదులు, మధ్యలో ఒకే వాకిలి. అరవై నాలుగో ఏట మోకాళ్ళు మొరాయించి మిషన్ తొక్కడం కష్టమైంది. దుకాణం మూసేసింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. ఎక్కడో ఎవరో పడవ చేస్తుంటే ఫోన్‌లో చూసింది. "గిదేముంది వదినె, ఎల్లెలకల ఏసిన బ్లౌజు లెక్కనే ఉన్నది" అంది. మర్నాడే కూల్చేస్తున్న ఓ పాత ఇంటి టేకు తలుపులు రెండు వాకిట్లో దిగాయి.

ఆమెకు నీళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఈత రాదు. చేప కూడా తినదు.

పడవ చేసే తీరు కూడా ఆమెదే. ముందు వార్తాపత్రికలు అతికించి, పడవ ఆకారం గీసి, కాగితం కటింగ్ చేసింది. ఆ కాగితాలను తలుపు చెక్కల మీద పరిచి, సుద్దముక్కతో గీతలు పెట్టి, మెడలో టేపు వేసుకుని రంపం పట్టింది. ప్రతి పలకకూ అలవాటు కొద్దీ కుట్టుకని అర అంగుళం ఎక్కువ వదిలింది. పద్నాలుగు పలకలు కలిపేసరికి పడవ ఏడంగుళాలు వెడల్పు తేలింది. కాసేపు టేపు పట్టుకుని అటూ ఇటూ తిరిగి, "లూజు ఫిట్టింగ్. ఈ వయసుల గదే నయం" అని తేల్చింది. వెనక పలకకు చెక్క చాలకపోతే దుకాణం బోర్డు పీకి బిగించింది. కాబట్టి పడవ వెనక భాగాన "మాణిక్యం లేడీస్ టైలర్, అర్జెంటుగా కుట్టబడును" అని ఎర్రటి అక్షరాలున్నాయి.

ఇక దారి చూసుకునే విద్య. అదీ సొంతంగా అబ్బిందే. ఆమెకు చదువు కూడా అలాగే వచ్చింది, కటింగ్‌కు వాడే పాత పేపర్లు చదువుతూ. చంకభాగం కోసేసిన పేపర్లు కావడం వల్ల ఆమెకు లోకంలో ప్రతి వార్తా సగమే తెలుసు. మంత్రి ఏదో ప్రారంభించాడని తెలుసు, ఏమిటో తెలియదు. దొంగ దొరికాడని తెలుసు, ఎక్కడో తెలియదు. గ్రంథాలయంలో దొరికిన నావికుల పుస్తకం ఒక్కటే ఆమె జీవితంలో పూర్తిగా చదివిన మొదటి పుస్తకం. అందులోంచి రెండు ముక్కలు పట్టుకుంది. దిక్సూచి సూది చెప్పిన దిక్కు వదలకూడదు, వేసిన తెడ్లు లెక్క తప్పకూడదు. పెద్ద చెరువుకు ఇవతలి ఒడ్డు నుంచి సరిగ్గా తూర్పుగా పదకొండు వందల తెడ్లు వేస్తే అవతలి ఒడ్డు. ఇదీ ఆమె లెక్క.

"అవతలి ఒడ్డు కండ్ల ముందట్నే కనబడుతది కదనే! సూసుకుంట పోరాదు?" అంది రుక్కమ్మ.

"కనబడుతుంటె పోవుడు ఒక పనా? గట్లయితె మేక గూడ పోతది. కనబడకుంటె పోవాలె."

అందుకని మాణిక్యమ్మ మంచు కోసం కాచుకుంది. డిసెంబరులో చెరువు మీద పొగమంచు కమ్మితే చేపలు పట్టేవాళ్ళందరూ వలలు మూట కట్టుకుని ఒడ్డున చలిమంట వేసుకుంటారు. అలాంటి పొద్దునే ఆమెకు కావాలి.

ఆ మధ్యాహ్నం పని ఆఖరుకొచ్చింది. వాకిట్లో ఎండ పల్చగా ఉంది. మాణిక్యమ్మ అంచు పలకను రందాతో చిత్రిక పడుతుంటే చెక్కపొట్టు సన్నటి రిబ్బన్లలా చుట్టలు తిరిగి పడుతోంది. రుక్కమ్మ అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తూ, ఒక కన్ను మరదలి మీద, ఒక కన్ను గేటు మీద పెట్టి కూర్చుంది. అంత నిమ్మళంగా ఉంటే రుక్కమ్మకు భయమేసేది, ఏదో జరగబోతోందని.

"గా వెదురు చీలలేందే? మేకులు దొరకలేదా?" అంది చివరికి.

మాణిక్యమ్మ రందా ఆపి గర్వంగా నడుం నిటారు చేసింది.

"ఒక్క మేకు లేదు వదినె ఈ పడవల. మొత్తం వెదురు చీలలు, గుగ్గిలం, గమ్. ఇనుము దగ్గరుంటె సూది తిక్క తిక్క చేస్తదంట. పుస్తకంల రాసిన్రు. గందుకని జుట్టు పిన్ను గూడ పెట్టుకోను రేపు."

రుక్కమ్మ చేతిలోని చిక్కుడుకాయ జారిపోయింది.

"ఇనుమే లేదా?"

"లేదు."

"ఒక్క ముక్క గూడ?"

"చెప్తున్న గద, లేదని."

రుక్కమ్మ పుట్టి పెరిగిన ఇంట్లో ఇనుము లేకుండా ఎవరూ గడప దాటలేదు. బాలింత మంచం కింద కొడవలి. పొలిమేర దాటే పిల్ల మొలతాడుకు ఇనుప ముక్క. పొద్దుగూకాక మాంసం కూర పట్టుకెళ్ళాలంటే గిన్నెలో ఒక మేకు వేసేవాళ్ళు, గాలి సోకకుండా. అలాంటిది ఈత రాని మనిషి, మంచులో, చెరువు నడుమకు, మేకు ముక్క కూడా లేకుండా పోతుందట! కృష్ణయ్య ఆ రోజు రీచార్జికి పోయినప్పుడు మొలతాడు తెగిందని, దాని ఇనుప ముక్క గూట్లోనే ఉండిపోయిందని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు.

మరదలికి కూడా చెప్పలేదు. చిక్కుళ్ళు తీసుకుని లోపలికి పోయింది.

మాణిక్యమ్మ పడవను ట్రాలీ ఆటోలో ఒడ్డుకు చేరవేయించి వచ్చేలోగా రుక్కమ్మ ఒక గుడ్డ సంచి తీసింది. ముందు ఒక మేకు వేసింది. చిన్నది, ఎవరికీ తెలియదు. ఆ తర్వాత, ఒక మేకు గల్లీ వరకైతే చాలు గానీ అంత పెద్ద చెరువుకు ఏమూలకు, అనిపించింది. గుమ్మం మీది గుర్రపు నాడా పీకి వేసింది. నాడా గుర్రానికి మంచిదేమో, నీళ్ళలో దేనికి అనిపించి పాత తాళం కప్ప జత చేసింది. కొడవలి ఎలాగూ ఉండాలి. రోకలికి తొడిగే ఇనుప పొన్ను అత్తగారి కాలం నాటిది, బలం గలది. ఆఖరున మాణిక్యమ్మ దుకాణంలో కిందపడ్డ గుండుసూదులు ఏరడానికి వాడిన గుండ్రటి అయస్కాంతం కనబడింది, ఏదో పాత స్పీకర్లోంచి ఊడదీసింది. దాన్ని చేతిలో పట్టుకుని చూసింది. ఇది ఉత్త ఇనుము కాదు, పట్టుకున్నదాన్ని వదలని ఇనుము. దీన్ని మించింది ఏముంటుంది? అదీ వేసింది. వేయగానే అది నాడాకు, తాళానికి, పొన్నుకు అంటుకుని మొత్తం ఒకే గడ్డ అయ్యింది. రుక్కమ్మకు ఎంతో ధైర్యం కలిగింది. పైన సజ్జరొట్టెలు, ఒక డబ్బా పచ్చడి పెట్టి మూతి కట్టింది.

మర్నాడు పొద్దున మంచు పడింది. ఎలా పడిందంటే, వాకిట్లోంచి ఎదుటి గది కనబడలేదు. మాణిక్యమ్మ సంబరానికి అంతు లేదు. నడుముకు లారీ ట్యూబు తొడుక్కుని, మెడలో టేపు అలవాటుగా వేసుకుని చెరువు దిక్కు నడిచింది. రుక్కమ్మ సంచి భుజానికి తగిలించుకుని ఒక పక్కకు వంగిపోయి వెంట నడిచింది.

ఒడ్డున ఐలేష్ చలిమంట కాగుతున్నాడు. నలభై ఐదేళ్ళవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఈ చెరువులో చేపలు పట్టే మనిషి. అతని థర్మకోల్ తెప్ప పక్కనే బోర్లించి ఉంది.

"టైలరమ్మా, చెరువుకు జాకెట్ కొలతలు తీస్కోవోతున్నవా?" అన్నాడు టేపు చూసి.

"నీ నోటికి కుట్లెయ్యనీకి పోతున్న. జర నూకు."

పడవను ఇద్దరూ నీళ్ళలోకి నెట్టారు. పడవ తేలింది. ఐలేష్ నోరు తెరిచి చూశాడు. నిజానికి మాణిక్యమ్మ కూడా కొంచెం నోరు తెరిచింది. ఎక్కి కూర్చుని, ముందున్న చిన్న గూట్లో దిక్సూచి పెట్టి, పడవ ముక్కును తూర్పుకు తిప్పుకుంది. అప్పుడు రుక్కమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి సంచి అందించింది.

"ఏంది వదినె, గింత బరువున్నది?"

"పచ్చడి."

"ఏం పచ్చడి?"

"గోంగూర."

"గోంగూరకు గింత బరువా?"

"రోట్ల నూరిన."

మాణిక్యమ్మ సంచిని కాళ్ళ ముందు, సరిగ్గా దిక్సూచి గూటి కింద పెట్టింది. సూది ఒక్క గంతు వేసి ఓ పక్కకు తిరిగి, ఇక కదలకుండా నిలబడిపోయింది. "పడవ ఊగిందిలే" అని దిక్సూచి డబ్బాను కాస్త తిప్పి సరిచేసుకుంది మాణిక్యమ్మ. ఆ సూది కుదుటపడటం చూసి రుక్కమ్మ మనసూ కుదుటపడింది. ఇనుము చేరింది కదా.

"మాణిక్యం, జల్ది రా."

"పోయొస్త వదినె. ఒకటి... రెండు... మూడు..."

ముందు పడవ ముక్కు మాయమైంది, తర్వాత మాణిక్యమ్మ వీపు, ఆ తర్వాత "అర్జెంటుగా" మాయమై కాసేపు "కుట్టబడును" ఒక్కటే గాలిలో నిలబడి, అదీ పోయింది. రుక్కమ్మ కళ్ళార్పకుండా చూసింది. చూడటానికి ఏమీ లేకపోయినా చూసింది. గల్లీ మలుపైతే మలుపు దాకా నడవొచ్చు. నీళ్ళకు మలుపు ఎక్కడుంది?

"పెద్దమ్మా, మంట కాడికి రా. బిగుసుకపోతవ్" అన్నాడు ఐలేష్.

"ఊరుకో. లెక్క వినబడుతలేదు."

లెక్క చాలాసేపు వినబడింది, సన్నగా, ఎక్కడో. మొదట ఎదుటి నుంచి. తర్వాత ఎడమ దిక్కు నుంచి. ఇంకాసేపటికి ఇద్దరి వెనక నుంచి వస్తున్నట్టనిపించి, ఐలేష్ తల తిప్పి చూసి, చలిమంటలో ఇంకో పుల్ల వేశాడు. ముప్పావుగంట గడిచింది. రుక్కమ్మ నిలబడిన చోటికి యాభై అడుగుల దూరంలో, తుంగ పక్కన, నీళ్ళు చప్పుడయ్యాయి.

"వెయ్యిన్ని తొంభై తొమ్మిది... పదకొండు వందలు!" అని కేక వినబడింది. "ఒడ్డుకు తగిలింది! లెక్కంటె లెక్కే! ఓ అమ్మా, ఎవరన్న ఉన్నరా ఈ ఒడ్డు మీద? ఇది అవతలి ఒడ్డే గదా?"

రుక్కమ్మకు ఊపిరి తిరిగొచ్చింది. వచ్చేసింది! బతికి వచ్చేసింది! ఐలేష్ ఏదో అనబోతే అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్క క్షణంలో ఆలోచించేసింది, నిజానికి ఆలోచించనేలేదు. ఇదే ఇవతలి ఒడ్డని చెప్తే మాణిక్యం మళ్ళీ మొదటి నుంచి పోతుంది. అవతలి ఒడ్డని చెప్తే పని అయిపోయిందని దిగి వచ్చేస్తుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి, "అవునమ్మా, అవతలి ఒడ్డే" అంది.

"నా లెక్క తప్పలే! సూది ఇంచు గూడ కదలలేదమ్మా, గీత గీసినట్టు వచ్చిన!" మంచులోంచి మాణిక్యమ్మ గొంతు మురిసిపోయింది. "మీ ఊర్ల చాయ్ దొరుకుతదా?"

"దొరుకుతది. దిగి రా."

"వద్దు తియ్యి. మా వదినె ఒకామె ఉన్నది ఆ ఒడ్డున. ఉత్త పిరికిది. జర లేటయితె చెరువుల ఇంకో చెరువు ఏడుస్తది. ఆమె లేకుంటె నేను ఎన్నడో నాగార్జునసాగర్ దాక పోయేదాన్ని. ఇగ మర్లిపోత."

రుక్కమ్మకు మొదట కోపం వచ్చింది, పిరికిదట! ఆ తర్వాత మరదలు ఏం చేయబోతోందో బుర్రకెక్కింది. అప్పటికే తెడ్డు నీళ్ళను తోసింది. ఒకటి, రెండు, మూడు... మాణిక్యమ్మ ఇంటికి బయలుదేరింది. ఇంటి నుంచి.

"మాణిక్యం!" రుక్కమ్మ అసలు గొంతుతో అరిచింది. "ఓ మాణిక్యం! ఇటు రాయే!"

"ఇనబడుతున్నదమ్మో!" దూరమవుతున్న గొంతు అవతలి ఒడ్డు మనిషికి చెబుతోంది. "గా ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాక ఇనబడుతున్నది మా వదినె గొంతు! ఏం గొంతు అది! వస్తున్న వదినె, వస్తున్న!"

వస్తున్నానంటూ ఆమె పోతోంది. రుక్కమ్మ ఇంకా అరిచింది. అరిచిన కొద్దీ ఆమె ఇంకా హుషారుగా తెడ్డేసింది.

ఐలేష్ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. "పెద్దమ్మా, నువ్వు సప్పుడు చెయ్యకుంటె..."

"నవ్వుడు బంద్ చేసి తెప్ప తియ్యి!"

"ఈ మంచులనా? నేను పోను."

"నేను పోత."

ఐలేష్ నవ్వడం మానేశాడు. ఆ చెరువు ఒడ్డునే పుట్టి పెరిగినవాడు గానీ, రుక్కమ్మ మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగడం ఎన్నడూ చూడలేదు. ఆమె అప్పటికే తెప్పను కాలితో తంతోంది. అది కదలడం లేదు గానీ తన్నడం మాత్రం గట్టిగానే ఉంది.

థర్మకోల్ తెప్ప ఒక మనిషికి చేసింది. ఐలేష్ వెనక కూర్చుని చేతులతో నీళ్ళు నెట్టాడు. ముందు రుక్కమ్మ రెండు చేతులా దాని అంచులు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. నడుం దాకా తడిసిపోయింది.

"పెద్దమ్మా, కండ్లు తెరువు. ఎటు పోవాల్నో చెప్పు."

"తెరిస్తె నీళ్ళు కనబడుతయి."

"నీళ్ళే గద ఉండేది, ఇంకేం కనబడాలె? రంగారెడ్డి కలెక్టరాఫీసా?"

ఆమె కళ్ళు తెరవలేదు గానీ చెవులు తెరుచుకున్నాయి. నూట అరవై... నూట అరవై ఒకటి... "ఎడమకు" అంది. "జర కుడికి. అగో, గక్కడ." పన్నెండేళ్ళుగా పోయేవాళ్ళ అడుగుల చప్పుడు చెవులు రిక్కించి విన్న మనిషి ఆమె. అంతలో తెప్ప ఠక్కున దేనికో కొట్టుకుంది. కళ్ళు తెరిస్తే ముక్కుకు జానెడు దూరంలో ఎర్రటి అక్షరాలు. అర్జెంటుగా కుట్టబడును.

"వదినె?" మాణిక్యమ్మ తెడ్డు గాలిలోనే ఆగిపోయింది. "నువ్వా? ఎదురొచ్చినవా?"

రుక్కమ్మ పడవ అంచు పట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక సంచి చూపించింది.

"అండ్ల ఉన్నది పచ్చడొక్కటే కాదు."

మాణిక్యమ్మ సంచి విప్పింది. రొట్టెలు తీసింది. పచ్చడి డబ్బా తీసింది, అది నిజంగానే ఉంది. దాని కిందనున్న గడ్డను రెండు చేతులతో పైకెత్తింది. అయస్కాంతానికి నాడా, నాడాకు తాళం, తాళానికి పొన్ను, పొన్నుకు కొడవలి, కొడవలి చివర చిన్న మేకు. ఆమె ఆ గడ్డను కుడికి జరిపితే దిక్సూచి సూది కుడికి తిరిగింది. ఎడమకు జరిపితే ఎడమకు తిరిగింది, కుక్కపిల్లలా.

మాణిక్యమ్మ సూదినీ వదిననూ మార్చి మార్చి చూసింది.

"అంటె నేను అవతలి ఒడ్డుకు పోలే."

"పోలే."

"ఇందాక మాట్లాడింది?"

"నేనే."

"చాయ్ దొరుకుతదని చెప్పింది గూడ నువ్వే."

"దొరుకుతది గద మరి. మనింట్ల."

మాణిక్యమ్మ నవ్వలేదు. గడ్డను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. రుక్కమ్మకు ఆమె మెడలో టేపు, అరచేతుల్లో ఎనిమిది నెలల కాయలు కనబడ్డాయి. ఆ చేతులు కిందికి వేలాడుతున్నాయి. ఈమెకు ఏదైనా అవుతుందేమోనని అంత భయపడింది కదా, ఆ అయ్యేదేదో తన చేతి మీదుగానే అయ్యింది.

"నాకు భయమైంది మాణిక్యం. మీ అన్న పోయిననాడు ఇనుము ముక్క గూట్లనే ఉండె."

మాణిక్యమ్మ తల ఎత్తింది. "గాయినె షుగర్ బీపీ గోలీలు గూడ గూట్లనే ఉండె వదినె. ఆర్నెల్ల సంది."

రుక్కమ్మకు ఈ సంగతి తెలుసు. తెలిసే మర్చిపోయింది. ఆమె ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, "దాన్ని ఇటియ్యి. ఇంటికి కొంటబోత. నువ్వు మల్ల మొదటి నుంచి పో" అంది. అనేసి రెండు చేతులూ చాపింది.

మాణిక్యమ్మ ఆ గడ్డను అందించింది. రుక్కమ్మ ఒళ్ళోకి చేరగానే తెప్ప గుభుక్కున ఒక పక్కకు దిగింది.

"అమ్మో అమ్మో!" ఐలేష్ కేక పెట్టాడు. "పెద్దమ్మా, ఇది థర్మకోలు, లారీ కాదు! ఇనుమన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె. రెండు నా మీద పెడితె ముగ్గురం పోతం. ఏదో ఒకటి గా పడవల పెట్టు."

రుక్కమ్మ ఇనుము వైపు చూసింది. పడవ వైపు చూసింది. ఇనుము పడవెక్కితే తెడ్ల లెక్క మళ్ళీ గంగపాలు. తాను ఎక్కితే? తాను ఎక్కడికీ పోయిన మనిషి కాదు. ఎవరో ఒకరు పోతుంటే నిలబడి చూసిన మనిషి. ఎలా పోవాలో ఆమెకు తెలియదు కూడా.

"జల్ది అక్కా, నా నడుం దాక వచ్చినయి!" ఐలేష్ హడావిడిలో వరస కూడా మార్చేశాడు.

రుక్కమ్మ గడ్డను ఐలేష్ ఒళ్ళో పడేసి పడవ అంచు మీద పొట్టబెట్టి పడింది. మాణిక్యమ్మ ఆమె రవిక వీపు పట్టుకుని లాగింది. "చిరగది లాగు, నేను కుట్టిందే" అని తనకు తానే చెప్పుకుంది. రుక్కమ్మ లోపలికి తలకిందులుగా దిగింది. పడవ రెండుసార్లు ఊగి నిలబడింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే సరిగ్గా సరిపోయింది.

"చూసినవా? లూజు ఫిట్టింగ్" అంది మాణిక్యమ్మ, ఆ పొద్దున మొదటిసారి నవ్వి. "ఇగో, నువ్వు లెక్క పెట్టు. నేను సూది చూస్త."

దిక్సూచి సూది ఇప్పుడు సన్నగా వణుకుతూ ప్రాణమున్నదానిలా కదులుతోంది. మాణిక్యమ్మ సూదిని బట్టి పడవ ముక్కును తూర్పుకు తిప్పి, తెడ్డు వేసింది.

"ఒకటి" అంది రుక్కమ్మ. "రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొక్కటి."

"ఏడు అను వదినె, సక్కగ."

"బియ్యం కొలిచేటప్పుడు ఎవరన్న ఏడంటరా, ఏడుపు తగలదా? ఆరున్నొక్కటి. ఎనిమిది."

పదిహేడుకు మళ్ళీ పేచీ వచ్చింది. డెబ్బైల దగ్గర పెద్ద గొడవే అయ్యింది, ఏది ఎలా అనాలో రుక్కమ్మకే తెలియలేదు. నూరు దాటేసరికి ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇంతసేపూ తాను వెనక్కి తిరిగి చూడలేదు. ఒడ్డు ఎటుందో కూడా తెలియదు. పోయేవాళ్ళు గుండె చేత్తో పట్టుకుని వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోతారని, తనలాగే వాళ్ళకూ లోపల పీకుతుంటుందని ఇన్నేళ్ళూ అనుకుంది. ఇక్కడ చూస్తే అంత తీరిక ఎక్కడిది? తెడ్డు చూసుకోవాలి, లెక్క చూసుకోవాలి, తడిసిన చీర పిండుకోవాలి, రొట్టె నానకుండా ఎత్తి పట్టుకోవాలి. కృష్ణయ్య కూడా ఆ పొద్దున ఇలాగే పోయాడేమో, జేబులో చిల్లర ఉందా లేదా అని తడుముకుంటూ. ఆమె "ఊఁ" అందో లేదో విననైనా విన్నాడో లేదో.

రొట్టె ముక్క తుంచి మాణిక్యమ్మ నోట్లో పెట్టి, తానూ ఒక ముక్క నమిలింది. మంచులో సజ్జరొట్టె చల్లగా, గట్టిగా ఉంది. బాగానే ఉంది.

అప్పుడు వెనకాల ఎక్కడి నుంచో, ఒడ్డు నుంచో నీళ్ళ నడుమ నుంచో, గొంతు చించుకుంటూ ఐలేష్ కేక వినబడింది.

"పెద్దమ్మా! టైలరమ్మా! ఎక్కడున్నరే? ఎంత దూరం పోయిన్రు? నాకు భయమైతున్నది!"

"రెండు వందల నాలుగు" అంది రుక్కమ్మ నోట్లో రొట్టెతోనే. ఆ తర్వాత చేతులు నోటికి రెండు పక్కలా పెట్టుకుని, ఆ గొంతంతా తీసి అరిచింది.

"తెల్వది కొడకా! నువ్వు మంట కాడికి పో, బిగుసుకపోతవ్!"